బావగారి రీలు గాలం

లిఫ్టు కంపెనీ ఆఫీసు,
ఎండలు ముదురుతున్న రోజులు.

బావగారికి నమస్కారాలు.

ఈపాటికి పార్సిల్ లారీవాళ్ళు మీ వడ్రంగం షెడ్డు ముందు ఒక పొడుగాటి డబ్బా దించి ఉండాలి. అక్క కంగారు పడుతుందేమో, చెప్పండి, అందులో ఉన్నది తుపాకీ కాదు, నా గాలం. కర్రని ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కనీ ఒక్కో పాత చొక్కాలో చుట్టి పంపాను. రీలు విడిగా చిన్న డబ్బాలో ఉంది. దాన్ని మాత్రం కింద పడెయ్యకండి. లిఫ్టు మోటార్లకి కూడా పొయ్యనంత మంచి నూనె దానికి పోశాను.

నేను ఇంతకన్నా మంచిది కొనుక్కున్నాను. రెండు గాలాలు పెట్టుకుని ఏం చేసుకుంటాను? మూల పడి ఉండే బదులు మీ చేతిలో ఉంటే మేలనిపించింది. ఏటి ఒడ్డున ఇల్లు పెట్టుకుని కూడా మీరు వెదురుకర్రకి తంగూసు దారం కట్టుకుని, కాళ్ళ దగ్గర తిరిగే చిల్లర చేపలతో సరిపెట్టుకుంటున్నారు. అసలు చేపలన్నీ ఏటి నడుమ ఉంటాయి. అవి మన దగ్గరికి రావు, మనమే వెళ్ళాలి. ఈ గాలం వెళ్తుంది.

విసిరే పద్ధతి చెబుతాను. రీలు మీదున్న తీగని పైకెత్తి, దారాన్ని చూపుడువేలితో అదిమి పట్టుకోండి. కర్రని తల వెనక్కి తీసుకెళ్ళి ముందుకి విసురుతూ వేలు వదలండి. తొందరపడి వదిలితే సీసపు గుండు మీ నెత్తిన పడుతుంది, ఆలస్యం చేస్తే మీ పాదాల మీద పడుతుంది. పెద్ద చేప పడి గట్టిగా గుంజితే భయపడకండి. తెగే దాకా రానివ్వకుండా రీలు తనంత తానే కొంచెం కొంచెం దారం వదులుతుంది. బలమైనవాడితో తగువొస్తే మనం చేసే పనే అది కూడా చేస్తుంది.

అక్క ఇంకా రోజూ పడవ దాటి అవతలి ఒడ్డు ఆరోగ్య కేంద్రానికి వెళ్తోందా? మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ఊరందరికీ మందులిచ్చే నర్సమ్మ తనకి మాత్రం వేసుకోదు, మీరే చూడాలి.

మీ బావమరిది


రేవు పక్క ఇల్లు.

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

నీ తుపాకీ అందింది. ధన్యవాదాలు. మర్యాద అయిపోయింది కాబట్టి ఇక నిజం మాట్లాడుకుందాం.

నా వెదురుకర్ర నేనే నరికి, నేనే సెగ మీద వంకర తీసి, నేనే గాజుపెంకుతో నునుపు చేసుకున్నది. దానికొక దారం, ఒక ముల్లు, ఒక బెండు. బెండు మునిగితే లాగాలి, మునగకపోతే కూర్చోవాలి. అంతకు మించి అందులో చదువుకోవాల్సింది ఏమీ లేదు. నీ రీలుకున్నన్ని మరలు నా షెడ్డు మొత్తంలో లేవు. ఒక పక్క తిప్పితే బిగుస్తుంది, ఇంకో పక్క తిప్పితే వదులవుతుంది, మూడో పక్క తిప్పితే ఏమవుతుందో అని నేను తిప్పలేదు.

మొన్న సెలవునాడు పోస్టాఫీసు గుమస్తా నీలాంటి గాలమే వేసుకుని నా పక్కన కూర్చున్నాడు. మడత కుర్చీ, నల్లకళ్ళద్దాలు, ఎరకి ప్రత్యేకంగా పెట్టె. సాయంత్రం దాకా విసిరాడు, చుట్టాడు, విసిరాడు, చుట్టాడు. నా ముల్లుకి సగం తెగిన వానపాము ఉంది. దానికే మోచెయ్యి పొడవు చేప పడింది. ఆయన మొహం చూసి నాకే జాలేసింది. "అంతా అదృష్టమండీ" అన్నాడు. అవును మరి. ముల్లు నీళ్ళలో పడేదాకా మన చెయ్యి, పడ్డాక అదృష్టం. దానికి కర్ర ఖరీదు చదవడం రాదు.

అలాగని ఆడలేక మద్దెల ఓడన్నానని అనుకోకు. నీ గాలాన్ని గౌరవంగా షెడ్డు గోడకి తగిలించాను. వచ్చినవాళ్ళందరికీ మా బావమరిది పంపాడని చూపిస్తున్నాను. అది అక్కడ ఉండటమే అందం.

ఇంతకీ కొత్తగా కొన్నదానితో నువ్వేం పట్టావో రాయలేదు. నీ ఉత్తరాల్లో ఎప్పుడూ చేపల కన్నా మాటలే ఎక్కువ.

మీ బావ

తమ్ముడూ, ఉత్తరం పోస్టులో వెయ్యమని నా చేతికిచ్చారు. కవరు అంటించే ముందు ఈ రెండు ముక్కలు రాస్తున్నాను. గోడకి తగిలించానన్న మాట నమ్మకు. నేను పొయ్యి దగ్గర ఉన్నప్పుడు చూసుకుని పెరటి ఆ చివర బకెట్టు పెట్టి, ఈ చివర నుంచి అందులోకి గుండు విసురుతున్నారు. నిన్న ఆరేసిన నా డ్యూటీ చీరకి ముల్లు తగిలి చిరిగింది. ఇదేంటని అడిగితే "దారం బలం చూస్తున్నా" అన్నారు. నేను చెప్పినట్టు తెలియనివ్వకు, సిగ్గుపడి మానేస్తారు. ఆయన అలా ఆడుకోవడం నాకు బాగుంది. నువ్వెందుకు ఇన్నాళ్ళయినా ఇటు రావు? -- అక్క


లిఫ్టు కంపెనీ ఆఫీసు,
తొలి వానలు.

బావగారికి నమస్కారాలు.

గాలాన్ని గోడకి తగిలించినందుకు సంతోషం. గోడ గట్టిదే కదా? గోడలూ చీరలూ భద్రంగా చూసుకోండి.

కొత్తదాన్ని ఇంకా నీళ్ళలో ముంచలేదు. తీరిక లేదు. నన్ను ఇప్పుడు ఆఫీసులో బల్ల ముందు కూర్చోబెట్టారు. ఏ మేడలో లిఫ్టు ఆగినా నా ఫోను మోగుతుంది. నిచ్చెనలెక్కి బాగుచేసేది కుర్రాళ్ళు, లోపల ఇరుక్కున్నవాళ్ళని ఊరడించేది నేను. నోటితో చేసే ఉద్యోగం నాకు బాగానే నప్పిందని మీరు నవ్వుతారు, నవ్వండి.

అక్షరాలు కోడి గీకినట్టున్నాయని అక్క అంటుందేమో. ఈ బల్లకి ఒక కాలు పొట్టి. ఊగుతుంది.

మీ వైపు వానలు జోరుగా ఉన్నాయని పేపర్లో చూశాను. అక్కని ఆఖరి పడవ దాకా ఆగొద్దని చెప్పండి. రావాలనే ఉంది, వీలు చూసుకుని వస్తాను.

మీ బావమరిది


రేవు పక్క ఇల్లు.

చిరంజీవి బావమరిదికి,

మీ అక్క క్షేమం. ముందు ఈ మాట చదువు, ఒకటికి రెండుసార్లు చదువు. తర్వాత మిగతాది.

మొన్న సాయంత్రం మీ అక్క ఎక్కిన పడవ ఏటి నడుమ ఆగిపోయింది. ఎగువన వానలు కురిసి మధ్యాహ్నం నుంచే ఎర్రనీళ్ళు దిగుతున్నాయి. ఎవరికో కాన్పు కష్టమైతే ఆగి, ఆవిడ ఆఖరి పడవ ఎక్కింది. సగం దాటాక ఇంజను దగ్గి దగ్గి ఊరుకుంది. పడవ ప్రవాహంలో కొట్టుకుపోతూ, పాత వంతెన కూలిపోగా మిగిలిన స్తంభం ఉంది చూడు, దానికి అడ్డంగా ఆనుకుని నిలిచింది. అది లేకపోతే నేరుగా దిగువనున్న ఆనకట్ట మీదికే. పడవలకి అడ్డంగా ఉందని, ఆ స్తంభాన్ని పడగొట్టమని రేవువాళ్ళం అందరం ఎన్ని అర్జీలు పెట్టామో! ఎవరూ పట్టించుకోకపోవడం మా అదృష్టం.

నేను అప్పుడు ఒడ్డునే ఉన్నాను. ఎందుకున్నానో కూడా రాస్తాను. ఎర్రనీళ్ళలో చేపకి ఎర కనిపించదు. బుద్ధి ఉన్నవాడెవడూ అలాంటి రోజు గాలం వెయ్యడు. అందుకే వెళ్ళాను. చూసి నవ్వేవాళ్ళుండరని నీ రీలు గాలం పట్టుకుని వెళ్ళాను. ఇన్నాళ్ళూ పెరట్లో బకెట్టులోకి విసురుతున్నాను, ఏట్లో ఒక్కసారైనా విసిరి చూద్దామని. ఈ సంగతి మీ అక్క నీకెప్పుడో చేరవేసి ఉంటుందిలే.

పడవ నడిపే సరంగు అందులోంచి తాడు విసిరాడు. తడిసిన తాడు, బరువు. సగం దూరం కూడా రాలేదు. మళ్ళీ విసిరాడు, మళ్ళీ అంతే. పడవ ఒక పక్కకి ఒరుగుతోంది. అందులోవాళ్ళు ఒకటే కేకలు. మీ అక్క కేక వెయ్యలేదు. ఎవరి పిల్లనో ఒళ్ళోకి లాక్కుని పొదువుకుని కూర్చుంది. తెల్ల చీర కాబట్టి నాకు ఆనవాలు దొరికింది.

నాకు ఏ ఆలోచనా రాలేదురా. చేతిలో ఉన్నది విసిరాను. మొదటిసారి గుండు చాలా ఇవతల పడింది. రెండోసారి దూరం సరిపోయింది కానీ గాలి పక్కకి నెట్టేసింది. చుట్టుకుని మళ్ళీ సిద్ధం చేసుకోబోతే తొందరలో దారం చిక్కుపడింది. పళ్ళతో విప్పాను. మూడోసారి దారం పడవ మీదుగా వెళ్ళి పడింది. మీ అక్క లేచి ఒంటిచేత్తో పట్టేసుకుంది.

"తాడు! దానికి తాడు కట్టండి!" అని అరిచాను. సరంగు తాడు కొసని దారానికి ముడేశాడు. నేను చుట్టడం మొదలుపెట్టాను. తాడు నీళ్ళలో పడిందో లేదో ఏరు దాన్ని గుంజింది. కర్ర విల్లులా వంగింది. అయిపోయింది, తెగుతుంది అనుకున్నాను. అప్పుడు రీలు గర్రుమని కొంచెం దారం వదిలింది. వదిలి నిలదొక్కుకుంది. నేను చుట్టాను. మళ్ళీ వదిలింది, మళ్ళీ చుట్టాను. టీ బండి అతనూ, రేవులో ఉన్న మరికొందరూ నీళ్ళలోకి దిగి తాడు కొస అందుకున్నారు. పడవలు కట్టే ఇనుప దిమ్మకి దాన్ని చుట్టి అందరం కలిసి లాగాం. పడవ స్తంభాన్ని వదిలి, తాడు పట్టుకుని వంపు తిరుగుతూ వచ్చి ఒడ్డుకి ఆనింది.

మీ అక్క దిగి నా దగ్గరికొచ్చి అన్న మొదటి మాట "చెప్పులేవండీ?" అని. చూసుకుంటే నా కాళ్ళకి చెప్పుల్లేవు, ఏట్లో పోయాయి. దారం కోసి ఆవిడ అరచేతిలోంచి నెత్తురు కారుతోంది. ఆవిడ అడుగుతున్నది నా చెప్పుల గురించి.

ఆ రోజు నా చేతిలో వెదురుకర్ర ఉంటే ఏమయ్యేది? దాని దారం నా నిలువు కన్నా కాస్త ఎక్కువ, అంతే. నా చేత్తో నేను చేసుకున్న కర్ర పట్టుకుని ఒడ్డున నిలబడి చూస్తూ ఉండేవాణ్ణి. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా ఉలి కింద పెట్టి కాసేపు కూర్చుండిపోతున్నాను.

ధన్యవాదాలని మొదటి ఉత్తరంలో మర్యాదకి రాశాను. ఇప్పుడు రాద్దామంటే ఆ మాట చాలడం లేదు. వేరే మాట నాకు తెలియదు.

మీ బావ


లిఫ్టు కంపెనీ ఆఫీసు.

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం బల్ల దగ్గరే చదివాను. చదువుతుండగా ఫోను మోగింది. ఏదో ఆసుపత్రి లిఫ్టులో ఎవరో ఇరుక్కున్నారు. "భయపడకండి, మావాళ్ళు బయల్దేరారు" అనాలి. రోజూ అనే మాటే. ఆ పూట "మావాళ్ళు పడవలో బయల్దేరారు" అన్నాను. లోపల ఇరుక్కున్న పెద్దావిడే "నీకేమైంది బాబూ?" అని నన్ను ఓదార్చింది.

బావగారూ, నేను కొత్త గాలం ఏదీ కొనలేదు. కిందటేడు లిఫ్టు గోతిలో నిచ్చెన జారి కుడి భుజం మీద పడ్డాను. ఎముక అతికింది. చెయ్యి మాత్రం భుజం దాటి పైకి లేవదు. ఇక లేవదన్నారు. అక్కకి తెలిస్తే ఉద్యోగం వదిలేసి పరిగెత్తుకొస్తుందని మీకు కూడా రాయలేదు. ఈ బల్ల కాళ్ళన్నీ సమానంగానే ఉన్నాయి, నేను ఎడంచేత్తో రాస్తున్నాను.

ఆ గాలం కోసం నేను ఎన్నాళ్ళు కూడబెట్టానో మీకు తెలుసు. ప్రతి ఆదివారం చెరువుకి వెళ్ళేవాణ్ణి. చేపలు పడినా పడకపోయినా, ఆ గుండు గాలిలో వెళ్తుంటే దాని వెనకే నేనూ వెళ్తున్నట్టుండేది. నిచ్చెన మీంచి పడ్డాక ఆ గాలం గోడకి వేలాడుతుంటే చూడలేకపోయాను. చొక్కా తొడుక్కోవడానికి తంటాలు పడుతూ అటు చూస్తే వెక్కిరిస్తున్నట్టుండేది. అమ్ముకోవడానికి మనసొప్పలేదు. అందుకే కొత్తది కొన్నానని అబద్ధమాడి మీకు పంపేశాను.

ఆ నిచ్చెనని తిట్టుకోని రోజు లేదు. అది జారకపోతే గాలం నా గోడ మీదే ఉండేది. గాలం నా గోడ మీద ఉండి ఉంటే అక్క... ఆ వాక్యం పూర్తి చెయ్యలేను, ఎడంచేత్తోనే కాదు, ఏ చేత్తోనూ.

ఫోను పక్కవాడికి అప్పజెప్పి సామాన్ల గదిలోకి వెళ్ళాను. ఆ నిచ్చెన ఇంకా అక్కడే ఉంది. దానికి దణ్ణం పెట్టాను. మా కుర్రాళ్ళు చూసి, "సార్‌కి మతి పోయింది" అని నవ్వుకున్నారు. వాళ్ళకేం చెప్పను? నేనూ నవ్వాను. పడ్డ తర్వాత అంత హాయిగా నవ్వడం అదే మొదలు.

గాలం నాదే కావచ్చు, విసిరింది మీరు. మీ చేతులకి నేను రుణపడి ఉన్నాను. అక్క అరచేతికి కట్టు రోజూ మార్చండి, తడవనివ్వకండి.

మీ బావమరిది


రేవు పక్క ఇల్లు,
ఏరు నెమ్మదించాక.

చిరంజీవి బావమరిదికి,

ఇంత దాస్తావా? నువ్వు ఎదురుగా ఉంటే ఆ మంచి చెయ్యి కూడా మెలిపెట్టేవాణ్ణి. ఉత్తరం మీ అక్కకి చదివి వినిపించాను. "వెధవ" అంది. లోపలికెళ్ళి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. తోమినవే మళ్ళీ తోమింది.

ఇక సాకులు చెప్పకుండా సెలవు పెట్టి రా. వెదురుకర్రకి భుజంతో పని లేదు, మణికట్టు చాలు. నీ ఎడంచేతికి సరిపోయేలా తేలికైనది ఒకటి ఏరి సెగ పెడుతున్నాను. వెక్కిరింపు అనుకోకు. నీ గాలంతో నేను ఎంత సంతోషపడుతున్నానో నా కర్రతో నువ్వూ అంత సంతోషపడాలని ఆశ.

రమ్మనడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ రోజు నుంచి మీ అక్క పడవ ఎక్కడం లేదు. రెండు బస్సులు మారి, ఎక్కడో దూరాన ఉన్న కొత్త వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్తోంది. ఇల్లు చేరేసరికి మనిషిలో జీవం ఉండటం లేదు. ఉద్యోగం మానేస్తానంటోంది. అవతలి ఒడ్డు పల్లెలన్నిటికీ కాన్పులు చేసేది ఆవిడొక్కతే. పడవకి కొత్త ఇంజను వేశారు, ఒంటికి కట్టుకునే తేలుడు చొక్కాలు తెప్పించారు. అయినా ఎక్కదు. నీళ్ళంటే భయమా అంటే కాదంటుంది. మరేమిటంటే చెప్పదు. నీకు చెబుతుందేమో.

మీ బావ


లిఫ్టు కంపెనీ ఆఫీసు.

బావగారికి నమస్కారాలు.

క్షేమంగా చేరాను. వెదురుకర్రని బస్సులో ఎక్కించడానికి కండక్టరు ఒప్పుకోలేదు. "ఇది నా చెయ్యి అండీ" అన్నాను. ఆయన నా భుజం కేసి చూసి, పక్కకి జరిగి చోటిచ్చాడు.

మీతో కలిసి ఒడ్డున కూర్చున్న ఆ నాలుగు రోజులు నాలో నిండా ఉన్నాయి. మీరు పొద్దంతా ఏటి నడుమకి విసిరి ఒక చిరిగిన సంచీని పట్టారు. నాకు కాళ్ళ దగ్గరే అరచెయ్యంత చేప పడింది. "నక్కను తొక్కి వచ్చావురా" అన్నారు మీరు. తొక్కింది నిచ్చెననండీ! బెండు మునిగినప్పుడు ఆ చిన్న చేప గుంజిన గుంజు ఎడంచేతి వేళ్ళలో ఇప్పటికీ ఉంది. ఇన్నేళ్ళూ దూరానికి విసరడంలో పడి దాన్ని ఎప్పుడూ సరిగ్గా గమనించలేదు.

అసలు సంగతి వేరే ఉంది. నేను బయల్దేరే రోజు పొద్దున అక్కా నేనూ పడవ ఎక్కడం మీరు ఒడ్డు నుంచి చూశారు. పడవలో ఏం మాట్లాడుకున్నామో మీకు వినబడలేదు. అక్క చెప్పొద్దంది. నేను ఒట్టు వెయ్యలేదు కాబట్టి రాస్తున్నాను.

ఆరోగ్య కేంద్రం చూపించమని నేనే అడిగాను. రేవు దాకా మామూలుగానే వచ్చింది. పడవ దగ్గర ఆగిపోయి, "నువ్వు ఎక్కరా, నేను బస్సులో వస్తా" అంది. నేను ఎక్కి కూర్చున్నాను. సరంగు ఇంజను మొదలుపెట్టలేదు, ఎవరూ తొందర పెట్టలేదు. అక్క వెనక్కి తిరిగి చూసింది. అప్పటికి మీరు షెడ్డులోంచి బయటికొచ్చి ఇనుప దిమ్మ పక్కన నిలబడి ఉన్నారు. అప్పుడు ఎక్కింది.

నడుమకి వచ్చాక నా ఎడంచెయ్యి పట్టుకుంది. అరచేతిలో దారం కోసిన గీత గరుగ్గా తగిలింది. అప్పుడు చెప్పింది:

"నీళ్ళంటే భయం కాదురా. ఆ రోజు రెండోసారి విసిరింది పక్కకి పోయేసరికి పడవలో అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మీ బావనే చూస్తున్నా. దారం చిక్కుపడింది. పళ్ళతో విప్పుతూనే నాకేసి చెయ్యెత్తారు, 'ఉండు, ఒక్క నిమిషం' అన్నట్టు. బజారుకి బయల్దేరాక తాళం మర్చిపోయి వెనక్కి పరిగెడతారే, అప్పుడు అచ్చం అలాగే చెయ్యెత్తుతారు. చావు నోట్లో ఉన్నానా, నాకు నవ్వొచ్చింది. ఇక భయం పోయింది. మళ్ళీ భయం పట్టుకున్నది ఇంటికొచ్చాక. ఇంకోసారి ఇలాగైతే ఒడ్డున ఆ మనిషి లేకపోతే ఎలా అని."

"అడిగితే రోజూ వచ్చి నిలబడతారు కదక్కా."

"ఎలా అడగను? ఆయనకి పనుంటుంది. తలుపులు ఎవరు చేస్తారు?" అంది. మీరున్న ఒడ్డు కేసి చూసి, "ఇవాళ అడక్కుండానే వచ్చారు" అంది.

ఆ పూట మీ చేతిలో వెదురుకర్ర లేదు, రీలు గాలం లేదు. వానకారు కావడంతో తడిసిన చెక్కపొట్టు జుట్టుకి అంటుకుని, ఉత్త చేతులతో నిలబడ్డారు. అక్క పడవలో పక్కకి తిరిగి కూర్చుని అవతలి ఒడ్డు వచ్చేదాకా మిమ్మల్నే చూసింది. నేను ఏట్లో చేపలు చూస్తున్నట్టు నటించాను.

దిగాక చీర సర్దుకుని, వెనక్కి తిరిగి మీకు చెయ్యెత్తింది. అంత దూరం నుంచి మీకు ఎలా కనిపించిందో, రమ్మంటోందనుకున్నారో ఏమో, రెండడుగులు ముందుకేశారు. అది కాదు బావగారూ. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు మాట కూడా వినబడింది.

"ఇక ఫర్లేదు, వెళ్ళి పని చూసుకోండి" అంది.

మీ బావమరిది